నాకు ఎప్పటికీ ఇష్టమైన ఆల్బమ్ ఘంటసాల భగవద్గీత: అది చావింటి పాట కాదు

ఎప్పటికీ ఇష్టమైన సంగీత ఆల్బమ్‌లు ఏవి, ఎందుకు అన్నది ప్రశ్న. మొదటి నుంచి చివరి దాకా ఒక్కటి కూడా దాటవేయకుండా వినగలిగినవి నాకు మూడే ఉన్నాయి: సాగర సంగమం, మా భూమి, ఘంటసాల పాడిన భగవద్గీత. మొదటి రెండింటి గురించి చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. మూడోదాన్ని ఇలాంటి జాబితాల్లో ఎవరూ చేర్చరు కాబట్టి నా జవాబు ప్రధానంగా దాని గురించే.

1983లో వచ్చిన సాగర సంగమానికి ఇళయరాజాకు, బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. త్యాగరాజ కృతి పక్కనే వేటూరి పాట వినిపించినా అతుకు కనబడకపోవడం ఆ ఆల్బమ్ గొప్పతనం. మా భూమి మాకు ఇంటి పాట. ‘పల్లెటూరి పిల్లగాడా’ రాసిన సుద్దాల హనుమంతు మా ఉమ్మడి నల్లగొండ జిల్లావారే; బండి యాదగిరి రాసిన ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ గొంతులో విన్న తరువాత అదే పాట ఇంకెవరు పాడినా నాకు చప్పగానే ఉంటుంది.

ఇక భగవద్గీత. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఇది ఆయన ఆరోగ్యం దెబ్బతిన్న చివరి సంవత్సరాల గొంతు. సినిమా పాటల్లోని యౌవనపు మెరుపు ఇందులో లేదు. దానికి బదులు మంద్రంలో ఒక నిబ్బరం ఉంది, అది వయసుతోనే వస్తుంది. ఏడు వందల శ్లోకాల గ్రంథం నుంచి కొన్నింటినే ఎంచుకుని, సందర్భం మారినప్పుడల్లా రాగం మారుస్తూ, ప్రతి శ్లోకం తరువాత తాత్పర్యాన్ని తన గొంతుతోనే చదివారు. పాడే మనిషి వెంటనే మాట్లాడటం, మాట్లాడిన మనిషి మళ్లీ శ్రుతిలోకి వెళ్లడం, ఆ మలుపు ఎక్కడా కుదుపు లేకుండా సాగడం నేను మరే రికార్డులోనూ వినలేదు. అల్పప్రాణం, మహాప్రాణం దేనికది స్పష్టంగా పలుకుతూ, సమాసాన్ని ఎక్కడ విరిస్తే అర్థం చెడదో తెలిసి అక్కడే ఊపిరి తీసుకుంటారు. సంస్కృతం రానివారికి కూడా ఏ పదం ఎక్కడ ముగిసిందో చెవికి తెలుస్తుంది. తెలుగులో ఇంతకు మించిన ఆల్బమ్ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా మన ఊళ్లలో దీనికి పట్టిన గతి చూడండి. మేము మిర్యాలగూడలో అద్దెకున్న రోజుల్లో, ఒక కార్తీక మాసపు ఉదయం, బడిపంతులైన మా నాన్న టేప్‌రికార్డర్‌ను కిటికీలో పెట్టి ఈ క్యాసెట్ వేశారు. ‘పార్థాయ ప్రతిబోధితాం’ అని మొదలైందో లేదో, పక్కింటి పెద్దమ్మ సగం ఊడ్చిన వాకిలి అలాగే వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి మా గేటు బయట నిలబడిపోయింది. గేటును చేత్తో ముట్టలేదు. ముట్టుకుంటే తలకు పోసుకోవాలి కదా.

“ఏమైంది సారూ, ఎవరు పోయిండ్రు?” అని అడిగింది.

“ఎవ్వరు పోలేదు పెద్దమ్మా, అందరం మంచిగనే ఉన్నం. లోపలికొచ్చి కూసో” అన్నారు నాన్న.

“మరి పొద్దుగాల్నే గీ క్యాసెట్ ఎందుకు వెట్టిన్రు?” అని ఆమె నిజంగానే కోప్పడింది. నాన్న వాదించలేదు. టేపును ముందుకు తిప్పుతూ, ఆపుతూ, ‘పత్రం పుష్పం ఫలం తోయం’ శ్లోకం దగ్గరికి తెచ్చి, దాని తాత్పర్యం కూడా వినిపించారు. భక్తితో ఆకు ఇచ్చినా, పువ్వు ఇచ్చినా, నీళ్లు ఇచ్చినా ప్రీతితో స్వీకరిస్తానని భగవంతుడు చెప్పే మాట అది. ఆమె మెట్టు మీద కూర్చుని విని, మళ్లీ వెయ్యమంది. “గింత మంచి మాటలున్నయా ఇందుల? నేనెన్నడు ఏడుపులల్లనే ఇన్న సారూ, మాటలు ఏడ ఇనవడ్తయి” అంది.

ఆ పెద్దమ్మ మాటలో నా ఫిర్యాదు అంతా ఉంది. వైకుంఠ రథం మీద, పగిలిన మైకులో, డప్పుల మధ్య ఈ రికార్డును వినిపిస్తున్నారు కానీ ఎవరూ వినడం లేదు. కొన్నాళ్లకు ఆ గొంతు వినగానే భయపడటం అలవాటై, ఇంట్లో పెడితే అశుభం అనే దాకా వచ్చింది. ‘జాతస్య హి ధ్రువో మృత్యుః’ వంటి శ్లోకాలు దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పునిస్తాయి, కాదనను. అయితే గీతను కృష్ణుడు చెప్పింది విల్లు కింద పడేసి చతికిలపడిన మనిషిని లేపి పనిలోకి దించడానికి. పరీక్షకు వెళ్లే పిల్లవాడూ, పత్తి చేనులో నష్టపోయి మళ్లీ విత్తనం కొనాలా వద్దా అని ఆలోచించే రైతూ వినవలసిన రికార్డు ఇది.

ఇప్పుడు ఫోన్లలో ఇంకొక బాధ మొదలైంది. శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య సబ్బు ప్రకటన వస్తుంది. కొందరు ఆ గొంతు వెనుక కొత్తగా వాయిద్యాలు, ప్రతిధ్వనులు కలిపి ఎక్కిస్తున్నారు. వరుస మార్చి ముక్కలు ముక్కలుగా వినిపించే పద్ధతి సినిమా పాటలకు సరిపోతుందేమో కానీ, అర్జునుడి సందేహం వినకుండా కృష్ణుడి సమాధానం వింటే అది సగం మాటే అవుతుంది.

కొత్తగా వినేవారు ఏ చప్పుడూ కలపని పాత ప్రతిని వెతికి, అర్జునుడు విశ్వరూపాన్ని చూసే భాగం నుంచి మొదలుపెట్టండి. ‘అనేక బాహూదర వక్త్ర నేత్రం’ అన్నచోట గొంతును పెద్దగా హెచ్చించకుండానే ఆయన భయాన్నీ ఆశ్చర్యాన్నీ ఎలా తెచ్చారో గమనించండి. అది నచ్చితే, కరుణశ్రీ పద్యాలకు ఆయన ప్రాణం పోసిన పుష్పవిలాపం వినండి; పద్యంలోని అర్థం మీద రాగాన్ని పెత్తనం చేయనివ్వని ఆ నేర్పు అక్కడా ఉంటుంది. ఆ తరువాత గీతను మొదటి నుంచి, వరుసగా, ఇంట్లో పది మందీ ఉన్నప్పుడే వినండి.