వాకిట్లో సాగో పామ్, ఇంట్లో పిల్లి

చెల్లెమ్మా, ప్రొద్దుటూరు నుంచి అమెరికాలోని హ్యూస్టన్ వచ్చి ఇంకా ఏడాది తిరగలేదన్నారు. అద్దె ఇంటి ముందున్న ఈతచెట్టు లాంటి మొక్క పిల్లికి ప్రమాదమా అని మీ ప్రశ్న. ప్రమాదమే. అది ఈత కాదు, తాటి కుటుంబానికి చెందినది కూడా కాదు. దాని శాస్త్రీయ నామం సైకస్ రెవొల్యూటా. ఇక్కడ సాగో పామ్ అని అమ్ముతారు. ఆకు, వేరు, కాండం అన్నీ విషమే, గింజల్లో మరీ ఎక్కువ. అందులోని సైకాసిన్ అనే విషపదార్థం కాలేయాన్ని పాడుచేస్తుంది. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. దీని దాయాది సైకస్ బెడోమీ మన శేషాచలం కొండల్లోనే పెరుగుతుంది. అయినా వాకిట్లో పెంచే అలవాటు మన పల్లెల్లో లేదు కనుక ఈ జాతి గుణం తెలియకుండానే పెద్దవాళ్లమయ్యాం. గన్నేరు సంగతి మీకు తెలిసే ఉంటుంది. అది మన హ్యూస్టన్ దగ్గరి గాల్వెస్టన్ ఊరి వీధుల నిండా ఉంటుంది, పిల్లికి అదీ విషమే.

వచ్చిన కొత్తలో నేను ఈ సాగో పామ్‌నే కుండీలో కొని తెచ్చాను. పెన్నా ఒడ్డున ఈతచెట్లు గుర్తొచ్చాయి, ధరా తక్కువే. ఒక రాత్రి నమిలి వదిలిన ఆకు ముక్కలు నేలమీద కనిపించాయి, పిల్లి వాంతులు చేసుకుంటోంది. అర్ధరాత్రి పశువైద్యం ఎంత ఖరీదో తోటి ఉద్యోగి ఒకాయన అంతకుముందే చెప్పి ఉన్నాడు. తెల్లవారాక చూద్దామని పడుకున్నాను. అదే నేను చేసిన తప్పు. ఉదయం ఆస్పత్రిలో ముందుగా కొంత డబ్బు కట్టించుకున్నాకే పిల్లిని లోపలికి తీసుకున్నారు. విషం కాలేయానికి ఎక్కింది. సెలైన్లు, రక్తపరీక్షలు, రోజుల తరబడి చికిత్స. పిల్లి బతికింది. నాన్నకు బోరు వేయించడానికి దాచిన సొమ్ము మాత్రం మిగల్లేదు. ఆ వేసవిలో చీనీ చెట్లు ఎండిపోతున్నాయని ఆయన ఫోనులో చెబుతుంటే నాకు మాట రాలేదు.

అందుకే చెబుతున్నాను, ఆకు కొరికిందని అనుమానం రాగానే బయలుదేరండి. విషం ఒంటికి పట్టకముందు చేసే వైద్యం తేలిక, ఖర్చూ తక్కువ. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు, పిల్లులకు అవి హాని. ఆకు ముక్క ఒకటి వెంట తీసుకెళ్లండి. జంతువులు విషం తిన్నప్పుడు సలహా ఇచ్చే ఫోను కేంద్రాలు ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తాయి, రుసుము తీసుకోవచ్చు. చెట్టు తీయించమని ఇంటి యజమానిని రాతపూర్వకంగా అడగండి. ఖర్చు ఎవరిదో అద్దె ఒప్పందంలో చూసుకోండి. అంతవరకు పిల్లిని బయటికి వదలకండి.

ఈ దేశంలో ఇల్లు కొన్నాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను, ఊరి అప్పులన్నీ తీర్చాను. ఆపద రాకముందే దానికంటూ డబ్బు పక్కన పెట్టడం నేర్చుకున్నాకే ఇవన్నీ సాధ్యమయ్యాయి. మీ వయసు వాళ్లు మొదటి జీతాలు చేతికి రాగానే పిల్లికి ఆటబొమ్మలు, మెత్తటి పరుపులు కొంటారు, దాని వైద్యానికి బీమా మాట ఎత్తరు. జబ్బు బయటపడ్డాక తీసుకునే బీమా ఆ జబ్బుకు పనికిరాదు. తీసుకున్నాక కూడా కొన్నాళ్లు ఆగితే గానీ అది అమల్లోకి రాదు. కాబట్టి ఈ నెలలోనే తీసుకోండి. అత్యవసరానికి బ్యాంకులో విడిగా కొంత ఉంచండి, ఇంటికి పంపే డబ్బుతో దాన్ని కలపకండి.

ఇంట్లో పచ్చదనం కావాలనిపిస్తే అరెకా పామ్ పెట్టుకోవచ్చు, పిల్లి నమిలినా విషం కాదు. అదైనా బీమా మొదటి వాయిదా కట్టిన తర్వాతే కొనండి.