సైకిల్ గురించి అడిగితే ఏం చెప్పాలి

చిత్తూరులో ఉన్న మా అమ్మాయికి, తిరుపతి నుంచి పెదనాయన ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రికార్డింగు, అదే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో మాట్లాడే భాగానికి ప్రాక్టీసు చేసింది, రాత్రి భోంచేసినాక విన్నా. మీ పెద్దమ్మా వినింది. చిన్నప్పుడు నీకు సైకిల్ ఉండేదా అన్న ప్రశ్నకు "సైక్లింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్ అండ్ ఎన్విరాన్‌మెంట్" అని మొదలుపెట్టినావు. అడిగిందేమి, నువ్వు చెప్పిందేమి తల్లీ? అది కోచింగ్ సెంటరు నోట్సు. బట్టీ పట్టిన జవాబును ఎగ్జామినరు రెండో వాక్యానికే పసిగడతారు. గొంతులో ఎత్తుపల్లాలు పోయి పద్యం అప్పజెప్పినట్టు ఉంటుంది మరి.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగు మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగం నాలుగైదు నిమిషాలే. ఇల్లు, ఊరు, సైకిల్ లాంటి ప్రశ్నలు వచ్చేది అక్కడే. తడబడకుండా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగింటికీ సమానంగా మార్కులు. మీ ఇంట్లో నిజంగా సైకిల్ ఉండిందా లేదా అని ఎవరూ విచారించరు. అయినా నిజమే చెప్పమంటా. జరిగింది చెప్పేటప్పుడు నోరు దానంతటదే సాగుతుంది. కల్పించేటప్పుడు తర్వాతేం చెప్పాలా అని ఆగుతుంది, ఆ సందులోనే "యాక్చువల్లీ, బేసికల్లీ" దూరతాయి. నీ రికార్డింగులో అవే ఎక్కువ.

నీకు చెప్పుకోడానికి సరుకు లేదా? తొమ్మిదో తరగతిలో బడికొస్తా అనే సర్కారు పథకం కింద మీ బడిలో సైకిల్ ఇచ్చినారు. అంతకు ముందే మీ నాయన పెద్ద సైకిల్ మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, కట్టమంచి చెరువు దగ్గర నేర్చుకున్నావు. పావడా చైన్లో ఇరుక్కుని, గ్రీజు మరకలతో ఇంటికొచ్చి మీ అమ్మ చేత తిట్లు తిన్నావు. ఇదంతా వదిలేసి ఎన్విరాన్‌మెంట్ ఎందుకు? ఇలా చెప్పి చూడు:

"యెస్, ఐ డిడ్. ఐ లెర్న్‌డ్ ఆన్ మై ఫాదర్స్ ఓల్డ్ బైక్, విచ్ వాజ్ టూ టాల్ ఫర్ మీ, సో ఐ పుట్ వన్ లెగ్ అండర్ ది బార్ అండ్ పెడల్డ్ లైక్ దట్. వన్స్ మై స్కర్ట్ గాట్ కాట్ ఇన్ ది చైన్, అండ్ మై మదర్ వాజ్ ఫ్యూరియస్."

అంతే. అక్కడ ఆపు. మొదటి భాగంలో మూడు వాక్యాలు దాటితే ఉపన్యాసం అవుతుంది. మధ్యలో ఆపి ఇంకో ప్రశ్న అడిగితే తప్పు చెప్పినావని కాదు, వాళ్ల టైము వాళ్లకుంది. నేను రాసింది మాత్రం కంఠస్థం చెయ్యొద్దు, మళ్లీ మొదటికొస్తుంది.

ఇక క్రియలు. "ఐ వాజ్ హ్యావింగ్ ఎ సైకిల్" అన్నావు. మన ఊళ్లో ఇంగ్లీషు లెక్చరర్లు కూడా అంటారులే, అయినా "ఐ హాడ్ ఎ సైకిల్" చాలు. "డిడ్ నాట్ వెంట్" అసలు వద్దు, "డిడ్ నాట్ గో". రోజూ చేసిన పనికి "యూజ్డ్ టు రైడ్", ఒక్కసారి జరిగినదానికి మామూలు భూతకాలం. చిన్నప్పటి ప్రశ్నలు అడిగి అడిగి, ఉన్నట్టుండి ఇప్పుడు తొక్కుతావా అని అడగొచ్చు. నువ్వు ఆ ఊపులో భూతకాలంలోనే పోతావు. అక్కడ కాస్త చెవి పెట్టు.

పలికేటప్పుడు "పుష్షెడ్", "క్రాష్షెడ్" అంటున్నావు. అవి "పుష్ట్", "క్రాష్ట్". రాసినట్టే చదవడం మనకు తెలుగుతో వచ్చిన అలవాటు. "బ్రేకు", "చైను" అని చివర ఉకారం తగిలించడమూ అంతే. మన యాసకేం కాదు, దాన్ని దాచి అమెరికా గొంతు పెట్టాల్సిన పనిలేదు. మాట స్పష్టంగా అర్థమైతే చాలు.

రెండో భాగంలో కార్డు ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోమంటారు, తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఆ నిమిషంలో వాక్యాలు రాయొద్దు. చెరువు, కడ్డీ, పావడా, అమ్మ అని నాలుగు మాటలు గీసుకో. వరుస తప్పకుండా ఉంటుంది.

మూడో భాగంలో మీ వైపు ఊళ్లలో సైకిళ్లు ఎందుకు తగ్గాయని అడగొచ్చు. అప్పుడు తిరుపతి చెప్పు, నీకు బాగా తెలుసు కదా. లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా బస్సులు, జీపులు, టాక్సీలు. ఆ రోడ్డు మీద పిల్లల్ని సైకిల్ ఇచ్చి ఎవరు పంపుతారు? కానీ లీలామహల్ అంటే ఎగ్జామినరుకు ఏం తెలుసు? "ఎ బిజీ జంక్షన్" అని ఒక ముక్క కలుపు.

రోజూ సాయంత్రం మిద్దె మీదికి పోయి ఫోన్లో రికార్డు చేసుకో. మొదటిసారి క్రియల కోసం మాత్రమే విను, రెండోసారి పదాల చివరలు. అన్నీ ఒకేసారి దిద్దుకోబోతే నోరే కట్టేసుకుంటుంది. మాట్లాడుతుండగా తప్పు దొర్లితే ఒక్కసారి సరిచేసి ముందుకు పో, సారీలు వద్దు. ప్రశ్న వినపడకపోతే "కుడ్ యూ రిపీట్ దట్, ప్లీజ్?" అను, దానికి మార్కులేం పోవు.

చెన్నై పరీక్ష దగ్గరికొచ్చింది. ఆదివారం లోపల మూడు ప్రశ్నలకు రికార్డింగు పంపు: సైకిల్ ఎవరు నేర్పినారు, బడికి సైకిల్ మీద పోయేదానివా, ఇప్పుడు తొక్కుతావా. కాగితం చూసి చదివితే నాకు తెలిసిపోతుంది.

ఇట్లు,
పెదనాయన