అమెరికా సైన్యం తన ఫిట్‌నెస్ పరీక్షను ఎందుకు మార్చింది?

పాత పరీక్ష యుద్ధంలో పడే అసలు కష్టాన్ని కొలవలేకపోయింది కాబట్టి. 1980 నుంచి నాలుగు దశాబ్దాలు పుషప్స్, సిటప్స్, రెండు మైళ్ల పరుగు, అంతే. బాగా పరిగెత్తేవాడు గాయపడ్డ తోటి సైనికుణ్ని ఈడ్చుకురాగలడో లేదో అందులో తెలిసేది కాదు.

అందుకే 2022 అక్టోబర్ నుంచి ఆరు అంశాల కొత్త పరీక్షను అమల్లోకి తెచ్చారు. వాటిలో నాకు సరైనదనిపించేది 'స్ప్రింట్-డ్రాగ్-క్యారీ'. 25 మీటర్ల దూరం ఐదుసార్లు పోయి రావాలి. మొదట పరుగు, తర్వాత సుమారు 41 కిలోల స్లెడ్‌ను (నేలమీద ఈడ్చే చక్రాల్లేని బండి) వెనక్కి నడుస్తూ లాగడం, ఆపై పక్క అడుగులు, ఒక్కో చేతిలో 18 కిలోల బరువుతో ఉరకడం, మళ్లీ పరుగు. చివరికొచ్చేసరికి కాళ్లు మాట వినవు. యుద్ధంలో అవసరపడే ఓపిక అదే కదా.

2025 జూన్ 1న ఇంకో మార్పు వచ్చింది. బరువైన బంతిని వెనక్కి విసిరే అంశం తీసేసి ఐదే ఉంచారు. ఒక్కోదానిలో కనీసం 60, మొత్తం 300 మార్కులు రావాలి. నేరుగా పోరాడే 21 విభాగాలకు మాత్రం 350 పెట్టారు. అక్కడ వయసును బట్టి తేడా ఉంటుంది గానీ, ఆడా మగా తేడా లేదు. ఇది సబబే అంటాను, మోయాల్సిన మనిషి బరువు ఎవరికైనా ఒకటే. కాకపోతే మహిళలకు తయారయ్యేందుకు తగిన శిక్షణ, సమయం తప్పకుండా ఇవ్వాలి.