ఎం.ఏ.లో చేరబోయే అంధ విద్యార్థి ముందుగా అడగవలసినది ఫాంటు సంగతి

చూపు లేని మీ తమ్ముణ్ణి ఎం.ఏ. చరిత్రలో చేర్పించాలనుకుంటున్నామనీ, హాస్టల్లో ఒక్కడే నెగ్గుకు రాగలడా అనీ అడిగారు. నేను పూర్తి అంధుణ్ణి. అదే చదువు హాస్టల్లో ఉండే ముగించాను. నన్నడిగితే మీరు దిగులుపడవలసినది హాస్టల్ గురించి కాదు, అక్కడ ఇచ్చే నోట్సు ఏ ఫాంటులో ఉంటుందన్న దాని గురించి.

మొదటి సెమిస్టర్లో మా అధ్యాపకులొకరు ఎంతో ఆదరంగా కాకతీయుల పాఠమంతా నా పెన్‌డ్రైవులో వేసి ఇచ్చారు. ఆ రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని తెరిస్తే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గణపతిదేవుడి పేరు పలకడానికి బదులు డాలరు, బ్రాకెట్, ఎస్, క్యూ అంటూ ఏకరువు పెట్టింది. పెన్‌డ్రైవు చెడిపోయిందనుకున్నాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను, చివరికి పక్క మంచం మీది జూనియర్ని లేపి చూడమంటే, "తెలుగే కదన్నా, అక్షరాలు శుభ్రంగానే ఉన్నాయి" అని మళ్లీ పడుకున్నాడు. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలను కూరుస్తారు కనుక, ప్రతి అక్షరానికీ విడి సంకేతమిచ్చే యూనికోడ్ పద్ధతిలో లేని ఆ ఫైలు కంటికి తెలుగుగానూ యంత్రానికి ఇంగ్లీషు ముక్కలుగానూ ఉంటుందని తెలుసుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. అప్పటికి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ జూనియరే రోజూ భోజనాలయ్యాక చదివి వినిపిస్తే ఫోనులో రికార్డు చేసుకున్నాను. పాఖాల, రామప్ప చెరువుల పేర్లు ఎక్కడ విన్నా, ఆ రెండింటి మధ్య అతడు దోమను కొట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది కాబట్టి సీటు దొరుకుతుంది. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. మనం చెబుతుంటే జవాబులు రాసిపెట్టే స్క్రైబును సొంతంగా తెచ్చుకుంటే అతని చదువు మనకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలన్నదీ అందులోదే. కాకతీయులు సేనానాయకులకు భూములిచ్చిన పద్ధతి పేరైన "నాయంకర" అన్న మాటను అక్షరం అక్షరం చెప్పి రాయించుకోవడంలోనే ఆ అదనపు సమయం సగం కరిగిపోయేది. సీటుకూ సమయానికీ నియమం పెట్టినవారికి పాఠం ఏ రూపంలో అందుతోందో చూడాలని ఎందుకు తోచదో నాకు అర్థం కాదు. కాపీరైటు అడ్డమని కొందరంటారు. 2012 సవరణతోనే మన చట్టం, చదవలేనివారి కోసం పుస్తకాన్ని అనువైన రూపంలోకి మార్చుకోవడానికి అనుమతించింది. ఆపైన, చూపు లేనివారికి పుస్తకాలు అందేలా కాపీరైటును సడలించే అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించినదీ మనమే.

అందువల్ల మీ తమ్ముణ్ణి చేరిన మొదటి వారంలోనే ప్రతి అధ్యాపకుడి దగ్గరకూ వెళ్లి, యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు ఉందా అని అడగమనండి. లేకపోతే, పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. ఒకసారి మార్చాక ఒత్తులు, పొల్లులు తప్పిపోలేదేమో చూపున్న వారి చేత సరిచూపించుకోవాలి. ఆ పని పరీక్షల ముందు పెట్టుకోకూడదు.

ఇక హాస్టల్ అంటారా, మెస్సుకు దారి వారం రోజుల్లో కాళ్లకు అలవాటవుతుంది.