ల్వార్ నది ఎక్కడికీ పోదు, ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. జీతం చేతికి లక్ష వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, తనకు 35 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 42 వేలు, ఇంటి ఖర్చు 38 వేలు, పాప స్కూలు ఫీజు నెలకు 12 వేలు పడుతుంది. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. నాన్నగారు మాతోనే ఉంటారు. ఆయనకు 71 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి, మందులకు 6 వేలవుతుంది. అందరికీ కలిపి కంపెనీ ఇచ్చిన 5 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 15 వేల సిప్ కడుతున్నాను, 6 లక్షలు జమయ్యాయి. ఏటా బోనస్ లక్ష దాకా వస్తుంది. కోనసీమలో కాలువ గట్ల మీద సైకిల్ తొక్కుతూ పెరిగినవాణ్ని. మా పెళ్లయి పదిహేనేళ్లవుతున్న సందర్భంగా ఫ్రాన్స్‌లో ల్వార్ నది వెంట ఇద్దరం వారం రోజులు సైకిళ్ల మీద తిరగాలని కోరిక. పారిస్‌తో కలిపి 5.5 లక్షలవుతుంది. సేవింగ్స్‌లో 70 వేలు, ఆర్‌డీ 80 వేలు కలిపి నా దగ్గర 1.5 లక్షలున్నాయి. మిగతా 4 లక్షలకు బ్యాంకు యాప్‌లో పర్సనల్ లోన్ ఆఫర్ ఉంది, 14 శాతం వడ్డీ, మూడేళ్లు. ఇప్పుడే తీసుకుని ఖాతాలో ఉంచితే వీసాకు బ్యాలెన్స్ కూడా బాగా కనిపిస్తుందని స్నేహితుడు అంటున్నాడు. తీసుకోమంటారా, లేక సిప్ అమ్మేయమంటారా?

జవాబు: రెండూ వద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఫ్రాన్స్ కాదు, ‘నా దగ్గర 1.5 లక్షలున్నాయి’ అన్న మాట. బాలి వెళ్లేవాళ్లూ, దుబాయ్ వెళ్లేవాళ్లూ, స్విట్జర్లాండ్ వెళ్లేవాళ్లూ ఇదే మాట రాస్తారు. మీ దగ్గర ట్రిప్పుకు 1.5 లక్షలు లేవండీ. మీ ఇంట్లో ఉన్న నగదు మొత్తం అంతే. మీ ఈఎంఐ, ఇంటి ఖర్చు, ఫీజు, మందులు కలిపితే నెలకు 98 వేలు. అంటే జీతాలు ఆగితే ఆ డబ్బు నెలన్నర వస్తుంది. ట్రిప్పు నుంచి తిరిగొచ్చిన రోజున అదీ ఉండదు, పైగా కొత్త ఈఎంఐ ఒకటి ఉంటుంది.

ఉద్యోగం పోతే అన్న మాట ఐటీలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క లెక్క మాత్రం చూడండి. మీ జీతం ఆగితే మీ ఆవిడ జీతం 35 వేలు, ఇంటి ఈఎంఐ 42 వేలు. ఈఎంఐకే చాలదు. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇన్సూరెన్సూ పోతుంది. ఆ రోజు నుంచి నాన్నగారికి ఏ కవరూ ఉండదు.

ఉద్యోగం ఉండగానే ఆస్పత్రి అవసరం వచ్చిందనుకుందాం. క్యాష్‌లెస్ కార్డు ఉంది కదా అని ధీమాగా ఉంటారు. రాత్రి పదకొండింటికి నాన్నగారిని ఎమర్జెన్సీలో చేర్పిస్తే, ఇన్సూరెన్స్ డెస్కు పొద్దున తెరుస్తారు, అప్రూవల్ వచ్చేదాకా ఒక 50 వేలు అడ్వాన్స్ కట్టండి అంటారు కౌంటర్లో. డిశ్చార్జి రోజున గ్లౌజులు, సిరంజిలు, రూమ్ రెంట్ తేడా అంటూ బిల్లులో కొంత మన నెత్తినే పడుతుంది. అప్పుడు మీరు గీకేది క్రెడిట్ కార్డు. గడువులోగా కట్టలేకపోతే దాని వడ్డీ నెలకు 3 నుంచి 3.5 శాతం దాకా, చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 40 శాతం పైమాటే. పర్సనల్ లోన్ మీద క్రెడిట్ కార్డు, దాన్ని తీర్చడానికి బంగారం తాకట్టు. నా దగ్గరికి అప్పుల్లో కూరుకుపోయి వచ్చేవాళ్లలో చాలామంది సరిగ్గా ఈ వరసలోనే దిగారు. ఎవరూ జూదం ఆడలేదు.

ఇక ఆ ఆఫర్. 4 లక్షలకు 14 శాతం చొప్పున మూడేళ్లకు ఈఎంఐ దాదాపు 13,670 రూపాయలు. మొత్తం కట్టేది 4.92 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్‌టీ వేరే. యాప్‌లో చివరి పేజీలో ‘లోన్ ప్రొటెక్షన్’ అని ముందే టిక్కు పెట్టి ఉంచిన డబ్బా ఒకటుంటుంది, తొందరలో అదీ ఒప్పుకుంటారు. ఖర్చులు, సిప్ పోను మీ ఇద్దరి జీతాల్లో ఇప్పుడు నెలకు మిగిలేది 22 వేలు. అందులో పదమూడున్నర వేలు పోతే ఎమర్జెన్సీ ఫండ్ అనేది మూడేళ్ల పాటు మరిచిపోవాల్సిందే. ఆ మూడో ఏడాదికి పాప ఇంటర్‌లో చేరుతుంది. హైదరాబాద్‌లో కార్పొరేట్ కాలేజీ ఫీజు ఎంతో ఒకసారి కనుక్కోండి. ఏడు రోజుల సైకిల్ షికారుకు 36 ఈఎంఐలు! ‘ఒక్క క్లిక్’ అని బ్యాంకు రాసింది మీ మీద ప్రేమతో కాదు.

మీ స్నేహితుడి సలహా ఇంకా ప్రమాదం. వీసా అధికారులు చూసేది చివరి రోజు బ్యాలెన్స్ ఒక్కటే కాదు. కనీసం మూడు నెలల స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు అడుగుతారు. నెల నెలా 60, 70 వేల దగ్గర ఆడే ఖాతాలో ఒక్కసారిగా 4 లక్షలు పడితే అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే ముందు వస్తుంది. వీసా రాకపోతే ఫీజు తిరిగివ్వరు. పెద్దలకు తలా 90 యూరోలు, అంటే యూరోను వంద రూపాయల లెక్కన వేసుకున్నా ఇద్దరికీ 18 వేలు. లోన్ మాత్రం మీ దగ్గరే ఉంటుంది, వడ్డీతో సహా.

ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే షెంజెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాబట్టి అన్నీ కవర్ అయిపోతాయని చాలామంది అనుకుంటారు. అది అక్కడ మీకు జబ్బు చేస్తేనో, సైకిల్ మీంచి పడితేనో ఉపయోగపడుతుంది. ఇక్కడ నాన్నగారు ఆస్పత్రిలో చేరితే దానికి సంబంధం లేదు. మీరు మధ్యలో వెనక్కి రావాల్సి వస్తే ట్రిప్ రద్దు కవర్ ఉండాలి, అదీ పాలసీలో రాసిన కారణాలకే. పెద్దవాళ్లకు ముందే ఉన్న జబ్బుల దగ్గర మెలిక పెట్టే పాలసీలు చాలా ఉన్నాయి, చదివి తీసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది. ఆ 1.5 లక్షలు ఇవాళే వేరే ఖాతాకు మార్చండి. యూపీఐకి లింక్ చేయని ఖాతా, మీ ఆవిడతో జాయింట్‌గా. లక్ష్యం 6 లక్షలు, అంటే ఆరు నెలల ఖర్చు. కొంత స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైతే ఖాతాలోకి దానంతటదే వచ్చే డిపాజిట్), కొంత లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉంచండి, రాబడి గురించి ఆలోచించకండి. 22 వేలలోంచి 5 వేలు ప్రీమియాలకు తీసేయండి. మీ ముగ్గురికీ కంపెనీతో సంబంధం లేని 10 లక్షల ఫ్లోటర్, అంటే అందరికీ కలిపి ఒకే కవరుండే హెల్త్ పాలసీ ఒకటి కావాలి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ లేదు, కాబట్టి ఆ సాకు కూడా పోయింది. నాన్నగారికి 70 దాటాయి గనక ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఖర్చు భరించే ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. అన్ని ఆస్పత్రులూ తీసుకోవు. మీకు దగ్గర్లో ఏది తీసుకుంటుందో ఇప్పుడే, అవసరం లేనప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

మిగిలిన 17 వేలు, బోనస్ లక్ష కలిపితే ఏడాదికి 3 లక్షల పైచిలుకు. ఏడాదిన్నరలో 6 లక్షలు నిండుతాయి. ఆ తర్వాత అదే డబ్బు ఫ్రాన్స్‌కు.

అయితే 5.5 లక్షలు ఎందుకు? మీరు పంపిన కొటేషన్ చూశాను. విమానం 1.5 లక్షలు సరే. సైకిళ్లు, హోటళ్లు, సామాను మోయించే ప్యాకేజీ ఇద్దరికీ 2.9 లక్షలు. ఇదే నాకు అర్థం కాలేదు. ల్వార్ సైకిల్ దారి మొత్తం 900 కిలోమీటర్లు, నెవేర్ దగ్గర్నుంచి అట్లాంటిక్ ఒడ్డున సాం-బ్రెవాం దాకా. యూరప్‌ను అడ్డంగా దాటే యూరోవేలో 6 మార్గంలో ఇదొక భాగం. మీరు తొక్కేది బ్ల్వా నుంచి సోమూర్ దాకా, రోజుకు 30, 40 కిలోమీటర్లు. చాలాచోట్ల దారి నది గట్టు మీదే పోతుంది. ఒక పక్క ఇసుక తిన్నెలు, ఇంకో పక్క తెల్లరాతి ఇళ్లు, ద్రాక్ష తోటలు. మలుపు మలుపుకీ సైకిల్ బొమ్మతో బోర్డు ఉంటుంది. కాలువ గట్ల మీద పెరిగిన మనిషికి అక్కడ గైడు దేనికి, బ్యాటరీ సైకిల్ దేనికి?

మామూలు సైకిల్ అద్దె రోజుకు 20 యూరోలు వేసుకోండి. ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో అప్పగించే షాపులున్నాయి. ‘అక్యూయి వేలో’ అన్న గుర్తున్న బసలు చూసుకోండి. అవి దారికి 5 కిలోమీటర్ల లోపే ఉంటాయి, రాత్రి సైకిల్ పెట్టుకోవడానికి తాళం ఉన్న చోటు, చిన్న రిపేరు సామాను ఉంచుతారు. ఊరి ఇళ్లలో ఇచ్చే గది ఇద్దరికీ 80 యూరోల దగ్గర వెతికితే దొరుకుతుంది, జూలై, ఆగస్టు వదిలేసి సెప్టెంబర్‌లో వెళ్తే ఇంకా సులువు. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే హోటల్ వంటగది మూసేస్తారు. పొద్దున్నే బ్రెడ్డు, చీజు, పళ్లు కొని సంచిలో వేసుకుంటే డబ్బూ మిగులుతుంది, టెన్షనూ ఉండదు. షంబోర్, షెనోన్సో, విలాంద్రీ కోటల టికెట్లతో కలిపి నా లెక్కలో వారానికి 1.35 లక్షలు. పారిస్‌లో ఒక్క రాత్రి, వీసా, ఇన్సూరెన్స్, రైలు అంతా 65 వేలు. మొత్తం 3.5 లక్షలు. సైకిల్ షాపు వాళ్లు డిపాజిట్ కింద క్రెడిట్ కార్డులో కొంత మొత్తం బ్లాక్ చేస్తారు, చాలా షాపులు ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) ఒప్పుకోవు. కాబట్టి కార్డు లిమిట్ ఖాళీగా ఉంచుకోండి. ప్యాకేజీయే కొంటామంటే టీసీఎస్ అని అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపన్ను కూడా పట్టుకుంటారు, రిటర్నులో సర్దుకుంటారు గానీ అప్పటిదాకా ఆ డబ్బు మీది కాదు.

ఫండ్ 6 లక్షలు, ట్రిప్పు 3.5 లక్షలు కలిపి మీకు పట్టేది రెండేళ్ల ఎనిమిది నెలలు. లోన్ తీసుకుని ఉంటే అప్పటికి ఇంకా ఈఎంఐలు నడుస్తూ ఉండేవి. ఇంటర్ ఫీజు మధ్యలో వస్తుంది గనక మూడేళ్లనుకోండి. పదిహేనో పెళ్లిరోజుకు ఈ ఏడాది నాలుగు రోజులు కోనసీమ వెళ్లి, ఆ గట్ల మీదే ఇద్దరూ తొక్కి రండి.

సిప్ అమ్మకండి, ఆపకండి. కానీ ఫండ్ నిండకుండా పెంచకండి కూడా. బంగారం తాకట్టు గురించి మీరు అడగలేదు, అడక్కండి.

మరొకటి. ఇంటి లోన్ ఉంది, పాప చదువు ముందుంది, అయినా ఉత్తరంలో టర్మ్ జీవిత బీమా పాలసీ ఊసే లేదు. నేను చెప్పిన 5 వేలలో దానికీ చోటు పెట్టాను. కనీసం కోటి రూపాయలకు, మెడికల్ టెస్టులు చేయించుకుని, షుగర్ కుటుంబంలో ఉన్న సంగతి దాచకుండా ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి.