ఇంటి వైరింగుకు ఒంటి తీగా, పోగుల తీగా?

ప్రశ్న: మేము ఖమ్మంలో ఇల్లు కట్టుకుంటున్నాము. స్లాబులోనూ గోడల్లోనూ పైపులు వేయడం పూర్తయింది. వచ్చే వారం వైర్లు లాగుతారు. ఎలక్ట్రీషియన్ సన్నని పోగులుండే ఫ్లెక్సిబుల్ వైరు తెమ్మంటున్నాడు. మా నాన్నగారు మాత్రం పాత ఇంట్లో తాము వేయించిన 1/18 ఒంటి రాగి తీగ నలభై ఏళ్లుగా చెక్కుచెదరలేదని, సన్నపోగులు త్వరగా కాలిపోతాయని అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: పైపులు ఇప్పటికే గోడల్లో ఉన్నాయి కనుక మీరు ఫ్లెక్సిబుల్ వైరే తీసుకోండి. అయితే మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయవద్దు. ఆయన చెప్పిన కాలిపోవడం నిజంగానే జరుగుతుంది, కాకపోతే తీగ మధ్యలో కాదు, దాన్ని బిగించిన చోట.

1/18 అంటే 18 గేజి (తీగ మందాన్ని తెలిపే కొలత) తీగ ఒక్కటి. 3/20 అంటే 20 గేజి తీగలు మూడు కలిపి పేనినది. ఆ లెక్కన మీ పాత ఇంటి తీగలో రాగి సుమారు 1.17 చదరపు మిల్లీమీటర్లు. కరెంటు మోసే శక్తి ఈ వైశాల్యాన్ని బట్టి ఉంటుందేగాని పోగుల సంఖ్యను బట్టి కాదు. తీగలకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 8130 ప్రకారం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగికి 20 డిగ్రీల వద్ద నిరోధం (కరెంటుకు తీగ కలిగించే అడ్డు) కిలోమీటరుకు ఒంటి తీగలో 12.1 ఓములు, ఫ్లెక్సిబుల్‌లో 13.3 ఓములు మించరాదు. ఇంట్లో మనం లాగే పది, పదిహేను మీటర్లకు ఆ తేడా లెక్కలోకి రాదు. కరెంటు తీగ పైపైనే పారుతుంది కాబట్టి పోగులు ఎక్కువైతే మేలని దుకాణాల్లో చెప్పే మాటనూ నమ్మనక్కర లేదు. 50 హెర్ట్జ్ వద్ద కరెంటు రాగిలోకి సుమారు 9 మిల్లీమీటర్ల లోతు వరకు చొచ్చుకుపోతుంది, ఇళ్లలో వాడే తీగలు అంత మందం ఉండవు.

ఫ్లెక్సిబుల్‌కు ఉన్న అసలు మేలు పైపులోనే తెలుస్తుంది. మూడు నాలుగు వంపులున్న పైపులో ఐదారు వైర్లు లాగేటప్పుడు ఒంటి తీగలు బిర్రబిగుసుకుపోతాయి. పైగా చాకుతో తొడుగు ఒలిచేటప్పుడు ఒంటి తీగకు చిన్న గాటు పడినా, బోర్డును రెండు మూడుసార్లు విప్పి మూసేసరికి అది అక్కడే విరుగుతుంది.

ఇక బిగించే చోటు సంగతి. ఒంటి తీగ స్క్రూ కింద గట్టిగా కూర్చుంటుంది. పోగులు పక్కలకు చెదురుతాయి. నేను ఒకసారి గీజరుకు పెట్టిన 16 ఆంపియర్ల స్విచ్ విప్పి చూశాను. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రంధ్రంలో పట్టలేదని కాబోలు, సగానికి సగం పోగులు కత్తిరించి మిగిలినవి దూర్చారు. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. అదంతా ఆ మిగిలిన పోగులమీదుగా, వదులైన స్క్రూ గుండా పోయేసరికి తొడుగు అంగుళం మేర నల్లగా మాడి పెళుసుబారింది. తప్పు వైరుది కాదు, బిగించిన చేతిది. ఇలాంటి పని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దీనికి మందు చాలా చవక: ప్రతి కొసకూ సరైన కొలత పిన్ లగ్గు (పోగులన్నిటినీ కలిపి పట్టే చిన్న లోహపు తొడుగు) తొడిగి, క్రింపింగ్ పట్టుకారుతో నొక్కి, ఆ తరువాతనే బిగించమనండి. ఒక్క పోగూ కత్తిరించకూడదని ముందే చెప్పండి.

కొందరు లగ్గుకు బదులు కొసను సోల్డర్‌తో ముంచి గట్టిపరుస్తారు. అది వద్దు. సోల్డర్ మెత్తని లోహం కావడంతో స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా జరిగి, కొన్ని నెలల్లో బిగింపు వదులవుతుంది.

మీ నాన్నగారి పాత ఇంటి తీగను, బిగింపులు గట్టిగా ఉండి తొడుగు పెళుసుబారకుంటే, ఒంటి తీగ అన్న కారణంతో మార్చనక్కర లేదు. అమెరికాలోని ఇళ్లలో నేటికీ దీపాలకు, ప్లగ్గులకు ఎక్కువగా ఒంటి రాగి తీగలే వేస్తారు. అయితే ఆ 1/18 తీగమీద గీజరు, ఏసీ మాత్రం పెట్టకండి. కొత్త ఇంట్లో వాటికి స్విచ్ బోర్డు నుండి కాక డిస్ట్రిబ్యూషన్ బాక్సు నుండే వేరే వైరు లాగించి, దానికి తగిన ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్) పెట్టించండి. చుట్ట కొనేటప్పుడు వైరు మీదనే ఐఎస్ఐ గుర్తు, వైర్ల ప్రమాణం సంఖ్య ఐఎస్ 694, కొలత అచ్చై ఉన్నాయో లేదో చూసుకోండి.