దశమభాగం ఇస్తున్నా లూకా 16 భయపెడుతోంది: పేదలకు ఇంకెంత ఇవ్వాలి?

వందనాలు బ్రదర్. మీ ఉత్తరం చదివాను. మీరు హనుమకొండలో రెండు పోర్షన్లు అద్దెకిచ్చారు, పరకాల దిక్కు నాలుగెకరాల పత్తి ఉంది, కొంత డబ్బు మిత్తికి తిరుగుతోంది. రాబడిలో పదో వంతు, అంటే దశమభాగం, సంఘానికి ఇవ్వడం ఎన్నడూ తప్పలేదు. అయినా లూకా 16లోని ధనవంతుడు–లాజరు ఉపమానం చదివితే గుబులుగా ఉందని, ఎంత ఇస్తే నిత్యజీవం గురించి నిబ్బరంగా ఉండొచ్చని అడిగారు.

ఆ ఉపమానంలో ధనవంతుడు తన వాకిట్లో పడి ఉన్న బీద లాజరును పట్టించుకోడు; ఇద్దరూ చనిపోయాక లాజరు అబ్రాహాము దగ్గర, ధనవంతుడు యాతనలో ఉంటారు. అందులో చాలామంది దాటేసే మాట ఒకటుంది. యాతనలో ఉన్న ధనవంతుడు అబ్రాహాముతో లాజరును పంపమంటాడు. అంటే పేరు తెలుసు! వాకిట్లో కురుపులతో పడి ఉన్నది ఎవరో తెలిసే రోజూ దాటుకుంటూ పోయాడు. అక్కడికి పోయాక కూడా లాజరు అతని కంటికి నీళ్ళు తెచ్చిపెట్టే మనిషిగానే కనిపించాడు. అతడు దోచుకున్నాడని గానీ, లాజరును కొట్టాడని గానీ యేసు చెప్పలేదు. అబ్రాహాము కూడా మందలు, వెండి, బంగారం ఉన్నవాడే, కాబట్టి ఆస్తి ఉన్నందుకే శిక్ష అనుకోవద్దు. మీరు ముందు చూడాల్సింది మీ వాకిట్లో ఎవరున్నారని.

మీ వివరాలను బట్టి ముగ్గురున్నారు: పత్తి ఏరే కూలీలు, మీ దగ్గర అప్పు తీసుకున్నవాళ్ళు, కిరాయిదార్లు. దానం లెక్క కంటే ముందు వీళ్ళ లెక్క తేలాలి. ద్వితీయోపదేశకాండం 24:15 కూలి డబ్బు పొద్దు గూకకముందే ఇవ్వమంటుంది. యాకోబు 5:4 ఆపిన కూలి మొరపెడుతుందంటుంది. కాబట్టి పత్తి ఏరిన సాయంత్రమే, కూలీల ముందే తూకం వేసి, కిలో లెక్కన చేతికివ్వండి. పత్తి అమ్మినాక ఇస్తానని వాయిదా పెట్టొద్దు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో తేమ ఎక్కువుందని ధర తగ్గిస్తే ఆ నష్టం మీది, ఏరినవాళ్ళది కాదు.

మిత్తి సంగతి ఇంకా బరువైనది. నూటికి మూడు రూపాయల చొప్పున 50,000 ఇస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000. అందులో దశమభాగం 1,800 కానుక పెట్టెలో పడుతుంది, 16,200 మీ దగ్గరే ఉంటుంది. ఆ అప్పు ఆసుపత్రి ఖర్చుకో తిండికో తీసుకున్నదైతే, నిర్గమకాండం 22:25 పేదవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దనే అంటోంది. దశమభాగం ఇచ్చినంత మాత్రాన మిగిలింది శుద్ధి కాదు. ఇవాళ్టి నుంచి మిత్తి ఆపి, ఇదివరకు కట్టినదంతా అసలు కింద జమ చేయండి. మూడేండ్లు కట్టినవాళ్ళు 54,000 ఇచ్చారు, అంటే అసలు కంటే ఎక్కువే. ప్రామిసరీ నోటు వాళ్ళ చేతికిచ్చి, కుదువ పెట్టిన వస్తువు తిరిగివ్వండి. వ్యాపారం పెంచుకోవడానికి తీసుకున్నవాళ్ళ సంగతి వేరు, అది మాట్లాడుకుని తేల్చుకోవచ్చు.

ఇదంతా చేస్తే నిత్యజీవం వస్తుందా? రాదు, దాన్ని కొనలేం. ఆస్తి అమ్మి బీదలకు ఇమ్మని యేసు చెప్తే, వదల్లేక దుఃఖపడి వెళ్ళిపోయిన మనిషిని చూసి శిష్యులు, అట్లయితే ఎవరు రక్షణ పొందగలరని అడిగారు. మనుషులకు అసాధ్యం, దేవునికి సాధ్యం అని యేసు చెప్పాడు. ఆ సాధ్యం ఎట్లా ఉంటుందో లూకా 19లో కనిపిస్తుంది. యేసు ముందుగా పన్నులు వసూలు చేసే ధనవంతుడైన జక్కయ్య ఇంటికి వచ్చాడు, ఆ తర్వాతే జక్కయ్య సగం ఆస్తి బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానని లేచి నిలబడ్డాడు. ఈ వరుస తారుమారైతే దానం బేరమైపోతుంది. భయంతో ఇచ్చేవాడు ఎంతిచ్చినా చాలలేదనే అనుకుంటాడు.

ఇక ఎంత అనే ప్రశ్న. మోషే ధర్మశాస్త్రంలో ప్రతి మూడో ఏడు దశమభాగాన్ని ఊళ్ళోనే ఉంచి, దేవాలయ సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్ళు, విధవరాండ్రు తినేటట్టు చూడమన్నారు. సంఘానికి ఇచ్చేశాం కదా, పేదల బాధ్యత తీరిపోయిందనే మాట అందుకే నిలవదు. దాని మీద పరిగె ఉంది: పొలం అంచులు కోయొద్దు, రాలింది ఏరుకోవద్దు. మీ పత్తిలో ఆఖరి ఏరుడు తర్వాత చెట్టు మీద మిగిలినది ఊళ్ళో ఒంటరి ఆడవాళ్ళకు వదిలి, ముందే చెప్పండి. చెప్పకపోతే దొంగతనం అంటారేమోనని ఎవరూ రారు.

సంఘంలో పేదల నిధి పెట్టాలని కూడా రాశారు. వండే ముందు పేదల కోసం పిడికెడు బియ్యం తీసి పెట్టడం మన సంఘాల్లో పాత పద్ధతే. పిడికెడంటే సుమారు 40 గ్రాములు. రెండు పూటలా తీస్తే ఇంటికి నెలకు 2.4 కిలోలు, 30 ఇళ్ళకు 72 కిలోలు. చెడిపోయేది ఎక్కడంటే దొడ్డు, సన్న, పాత, కొత్త బియ్యం కలిపేస్తారు. కలిసినవి ఒకే ఎసట్లో సమంగా ఉడకవు, తీసుకున్నవాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది. ఇంటి దగ్గరే ఏ రకానికి ఆ రకం వేరుగా సంచి కట్టించి, నెల దాటనీయకుండా పంచండి, లేకుంటే పురుగు పడుతుంది. ఇప్పుడు రేషన్ కార్డున్న ఇంటికి మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నాయి కాబట్టి వాళ్ళకు కావాల్సింది పప్పు, నూనె, మందులు, బస్సు కిరాయి. బియ్యం ఇక్కడి కార్డు లేనివాళ్ళకు పోవాలి. పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాలను తప్పక అడగండి.

డబ్బు పెట్టె సాధారణ కానుకతో కలపొద్దు. కలిస్తే మైకు సెట్టుకో ప్రహరీ గోడకో పోతుంది, ఎవరి దురుద్దేశమూ లేకుండానే. ముగ్గురు లెక్క చూడాలి, అందులో ఒక స్త్రీ ఉంటే విధవరాండ్రు నోరు తెరిచి అడుగుతారు. అపొస్తలుల కార్యములు 6లో తొలి సంఘంలో వచ్చిన గొడవ కూడా విధవరాండ్ర వడ్డన దగ్గరే మొదలైంది. వచ్చిన మొత్తం, ఇచ్చిన మొత్తం నెలకోసారి ఆరాధనలో చదవండి, తీసుకున్నవాళ్ళ పేర్లు మాత్రం చదవొద్దు. క్రిస్మస్ చీరలు పంచుతూ బ్యానర్ కింద నిలబెట్టి ఫోటోలు తీయడం మానేయండి.

మీరొక్కరే మొదలుపెట్టాలంటే వారానికోసారి వరంగల్‌లోని ప్రభుత్వ ఎం.జి.ఎం. ఆసుపత్రికి వెళ్ళండి. ములుగు, భూపాలపల్లి నుంచి రోగితో వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, ముందు పేరు అడగండి. ఏం కావాలో తర్వాత వాళ్ళే చెప్తారు. చాలాసార్లు అది అన్నం కాదు, దుప్పటో, తిరిగి పోయే కిరాయో, పరీక్ష గది ఎక్కడో చూపించే మనిషో అయి ఉంటుంది.